పిల్లల్ని అడిగాక ఏం చెయ్యాలి

కొత్తగా హెచ్‌ఎం కుర్చీలో కూర్చున్నవాళ్లు దసరా సెలవులు దాటగానే నాకు ఫోన్లు చేస్తుంటారు. "మాస్టారూ, స్కూల్ డెవలప్‌మెంట్ ప్లాన్ పంపమంటున్నారు. మీ దగ్గర పాత కాపీ ఏమైనా ఉందా?" అని. ఉంది. కానీ ఇవ్వను. ఇస్తే బడి పేరూ తేదీ మార్చి పంపేస్తారు. అలా పంపిన ప్లాన్లు చాలా చూశాను. ఒకదాంట్లో పక్క బడి పేరు చెరపడం కూడా మర్చిపోయారు. కాపీ ఇవ్వడానికి బదులు, పిల్లల్ని అడిగి ప్లాన్ రాసుకోవడంలో నాకు ఒంటబట్టిన సంగతులు చెబుతుంటాను. అవే ఇక్కడ రాస్తున్నాను.

నా సర్వీసు చాలావరకు విశాఖలోనే గడిచింది. గాజువాక వైపు కొన్నాళ్లు, మల్కాపురం వైపు కొన్నాళ్లు, చివర్లో వన్‌టౌన్ దగ్గర. స్టీల్‌ప్లాంటు కాంట్రాక్టు కూలీల పిల్లలు, పునరావాసపు ఆర్‌కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం ఎదురుచూసిన నిర్వాసితుల ఇళ్ల పిల్లలు, హార్బర్‌లో బోటెక్కేవాళ్ల పిల్లలు, ఒడిశా నుంచీ బీహార్ నుంచీ పనికొచ్చినవాళ్ల పిల్లలు నా దగ్గర చదువుకున్నారు. వీళ్లలో ఎవరినీ ఏ ఫారమూ ఏమీ అడగలేదు.

1. ప్లాన్ ఫారంలో పిల్లల మాటకి గడి ఉండదు. గీసుకోవాలి.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. అందులో 21వ సెక్షన్ బడి యాజమాన్య కమిటీ గురించి. 22వ సెక్షన్ ఆ కమిటీ రాయాల్సిన అభివృద్ధి ప్రణాళిక గురించి. కేంద్రం నమూనా నిబంధనల ప్రకారం అది మూడేళ్ల ప్రణాళిక, అందులో ఏడాదికొక ఉపప్రణాళిక. ఏం రాయాలో కూడా చెప్పారు: తరగతివారీగా ఎంతమంది చేరతారు, అదనంగా ఎందరు టీచర్లు కావాలి, ఏ గదులూ సామానూ కావాలి, ఎంత డబ్బు కావాలి. అన్నీ కావలసినవే. కానీ ఆ లెక్కంతా బడి గేటు బయట నిలబడి కూడా వేయొచ్చు.

అవే నమూనా నిబంధనల్లో చాలామంది చదవని ముక్క ఒకటుంది. కమిటీలో మూడొంతులు తల్లిదండ్రులు పోగా మిగిలిన పావు వంతులో కొంత భాగం స్థానిక విద్యావేత్తలకి గానీ బడి పిల్లలకి గానీ ఇవ్వొచ్చు, ఎవరికివ్వాలో కమిటీలోని తల్లిదండ్రులే తేల్చాలి. నేను చూసినంతలో విద్యావేత్త అంటే వార్డులో కాస్త పలుకుబడి ఉన్న పెద్దమనిషే. పిల్లలు ఆ కుర్చీ దాకా రాలేదు.

యూనిసెఫ్ కోసం రోజర్ హార్ట్ అనే ఆయన 1992లో పిల్లల భాగస్వామ్యానికి ఎనిమిది మెట్ల నిచ్చెన ఒకటి గీశాడు. కింది మూడు మెట్లూ అసలు భాగస్వామ్యమే కాదన్నాడు: పిల్లల్ని మన పనికి వాడుకోవడం, అలంకారానికి నిలబెట్టడం, పేరుకి కూర్చోబెట్టడం. నవంబరు 14న ఒక కుర్రాడికి టై కట్టి కలెక్టరు కుర్చీలో కూర్చోబెట్టి ఫొటో దిగుతాం చూడండి, అది రెండో మెట్టు.

2. పిల్లలు మాత్రమే సాక్షులుగా ఉన్న సంగతులు అడగండి.

"మన బడి ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది సార్" అంటారు. ఇంకా కాయితం చేతికిచ్చి రాయమంటే "ఏటి రాయాలి సార్?" అని మననే అడుగుతారు. అందులో పిల్లల తప్పేం లేదు, ప్రశ్నే అలా ఉంది. తనిఖీకి వచ్చే అధికారి పదిన్నరకి వస్తారు. అప్పటికి వరండా కడిగి ఉంటుంది, కుళాయిలో నీళ్లుంటాయి. మధ్యాహ్నం రెండింటికి అదే కుళాయి ఎలా ఉందో ఎనిమిదో తరగతి పిల్లకి తెలుసు. ఆ పిల్లని అడగాల్సింది అదే.

మేం అడిగిన ప్రశ్నల్లో బాగా పనికొచ్చింది ఇది: నిన్న బడిలో ఎన్నిసార్లు మంచినీళ్లు తాగావు? మగపిల్లలు మూడనీ నాలుగనీ రాశారు. పెద్ద తరగతుల ఆడపిల్లల్లో చాలామంది సున్నా రాశారు. నీళ్లు లేక కాదు. తాగితే మరుగుదొడ్డికి వెళ్లాలి, అక్కడ లోపలి గడియ ఊడిపోయింది. ఒక స్నేహితురాలు బయట తలుపు పట్టుకుని నిలబడాలి. ఇంటర్వెల్ పది నిమిషాలు. ఆ లెక్క వాళ్లు పొద్దున్నే వేసుకుని సీసా మూత తియ్యడం మానేశారు.

సర్కారు బళ్లు బాగుచేసే నాడు-నేడు కార్యక్రమం 2019 నవంబరు 14న మొదలైంది. తొలి విడతలో 15,715 బళ్లు తీసుకున్నారు. నీటి వసతితో మరుగుదొడ్లు అందులో మొదటి పని. తాగునీరు, ఫ్యాన్లు, బల్లలు, రంగులు, ప్రహరీలు ఆ తర్వాత. పనులు కాంట్రాక్టర్లకివ్వకుండా తల్లిదండ్రుల కమిటీల చేత చేయించారు. ఎవరేమన్నా మంచి పని అది, మా పిల్లలకి టైల్సు వేసిన మరుగుదొడ్లు వచ్చాయి. తర్వాత వాటి నిర్వహణకని తల్లులకిచ్చే అమ్మఒడి సొమ్ములోంచి వెయ్యి రూపాయలు పక్కన పెట్టడమూ వచ్చింది. 2021 అక్టోబరులో స్వేచ్ఛ పేరుతో ఏడో తరగతి నుంచి ఇంటర్ దాకా ఆడపిల్లలకి నెలకి పది శానిటరీ నాప్‌కిన్లు ఇవ్వడం మొదలుపెట్టారు.

ఇవన్నీ పైనుంచి వచ్చాయి. కింద మిగిలినవి ఏవంటే గడియ, వాడిన నాప్‌కిన్ పడెయ్యడానికి మూతున్న డబ్బా, చున్నీ తగిలించుకోవడానికి గోడకి ఒక కొక్కెం, లోపలికి వెలుతురు. ఏ ఇంజనీరు అంచనాలోనూ ఇవి రావు. సమగ్ర శిక్ష కింద 250 దాటి వెయ్యి లోపు పిల్లలున్న బడికి ఏడాదికి 75 వేల కాంపోజిట్ గ్రాంటు వస్తుంది, అందులో పదోవంతు పరిశుభ్రతకే ఖర్చు పెట్టాలి. పిల్లలు అడిగిన జాబితా మొత్తం ఆ పదోవంతులోనే ఇమిడిపోయింది.

3. కాయితం ఒక్కటే దారి కాదు.

ఫిర్యాదుల పెట్టె దాదాపు ప్రతి బడిలోనూ ఉంటుంది. హెచ్‌ఎం గది కిటికీ పక్కనే ఉంటుంది, తాళంచెవి హెచ్‌ఎం జేబులో ఉంటుంది. అందులో ఎవరైనా చీటీ వేస్తే ఆశ్చర్యపోవాలి గానీ, వెయ్యకపోతే కాదు. పైగా హైస్కూలు టీచరు నూట యాభై చేతిరాతలు గుర్తుపడతాడు, ఆ సంగతి పిల్లలకీ తెలుసు.

మేం బడి పటం ఒకటి పెద్ద అట్ట మీద గీయించి సైన్సు ల్యాబులో పెట్టాం. ఒక్కొక్కరూ లోపలికి వెళ్లి, ఇష్టమైన చోట పచ్చ బొట్టు, వెళ్లడానికి భయమో అసహ్యమో ఉన్నచోట ఎర్ర బొట్టు అంటించి రావాలి. రాత అక్కర్లేదు, పేరక్కర్లేదు. సాయంత్రానికి సైకిల్ స్టాండు వెనక సందు ఎర్రగా అయిపోయింది. అక్కడ పదో తరగతి కుర్రాళ్లు ఆరో తరగతి వాళ్ల దగ్గర చిల్లర గుంజుకుంటున్నారని టీచర్లెవరికీ తెలియదు. పచ్చ బొట్లు ఎక్కువ పడింది లైబ్రరీలో కాదు, వేపచెట్టు కింద. లైబ్రరీకి తాళం ఉండేది మరి.

ఆడపిల్లల్ని విడిగా అడగండి. వీలైతే పక్క బడి మేడం చేత అడిగించండి. తెలుగు రాయడం ఇంకా పట్టుబడని ఒడియా పిల్లల్నీ హిందీ పిల్లల్నీ వాళ్ల భాష వచ్చిన పెద్ద తరగతి పిల్లల చేత నోటితో అడిగించాం. లేకపోతే వాళ్ల కాయితాలు తెల్లగా తిరిగొచ్చేవి, వీళ్లకే ఇబ్బందీ లేదని మనం రాసుకునేవాళ్లం.

4. రహస్యంగా ఉంచుతానని మాట ఇవ్వకండి.

ఎవరు రాశారో వెతకను అని చెప్పండి. రాసింది బయటికి పోనివ్వను అని మాత్రం చెప్పకండి. ఎవరైనా బిడ్డ మీద చెయ్యి వేశారని ఒక చీటీలో కనబడితే, 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి తెలియజెయ్యడం మన విధి. తెలియజెయ్యకపోవడం శిక్షార్హమైన నేరం. బడి పరువు, సహోద్యోగి కుటుంబం, ముందు విచారించుకుందాం అనే సలహా, ఇవేవీ అక్కడ చెల్లవు. పిల్లల సహాయ నంబరు 1098 గోడ మీద రాయించి, అడిగేముందే పిల్లలకి ఈ సంగతి చెప్పండి: "మీకు దెబ్బ తగిలే సంగతైతే నేను సాయం పిలుస్తాను."

5. టీచర్ల గురించి అడిగేటప్పుడు మొదటి పేరు మీదే ఉండాలి.

స్టాఫ్ రూంలో ఈ మాట ఎత్తగానే గాలి బిగుసుకుంటుంది. "అంటే ఇకనుంచి పిల్లలు మాకు మార్కులేస్తారా, సార్?" అని ఒక సీనియర్ అన్నారు. న్యాయమైన ప్రశ్నే. అమెరికాలో 2009లో గేట్స్ ఫౌండేషన్ డబ్బుతో సుమారు మూడు వేల మంది టీచర్ల తరగతుల్లో పెద్ద పరిశోధన మొదలైంది. హార్వర్డ్‌కి చెందిన రొనాల్డ్ ఫెర్గూసన్ తయారుచేసిన ప్రశ్నలతో పిల్లల్ని అడిగారు. ఒకే టీచరు గురించి వేరువేరు సెక్షన్ల పిల్లలు చెప్పింది చాలావరకు కలిసింది, పిల్లలు ఎంత నేర్చుకున్నారన్న దానితోనూ దానికి పొంతన కనిపించింది. అయితే వాళ్లడిగింది "సారు మంచివారా?" అని కాదు. అర్థం కాకపోతే ఇంకోలా చెబుతారా, తరగతిలో సమయం వృథా అవుతోందా, ఇలాంటివి.

నేను ముందు నా ఇంగ్లీషు క్లాసు మీద అడిగించి, వచ్చింది స్టాఫ్ మీటింగులో చదివాను. ఆ తర్వాత ఎవరి చీటీలు వాళ్లకే, అంటించిన కవర్లో. నేను చూడలేదు. బదిలీలకీ మెమోలకీ వాటితో సంబంధం లేదని మినిట్స్‌లో రాసి సంతకం పెట్టాను. లెక్కల మాస్టారి కవర్లో ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు. వారం తిరిగేసరికి ఆయన బోర్డు సగానికి గీత గీసి, కుడి సగం నిండేదాకా ఎడమ సగం తుడవడం మానేశారు.

6. శాతాలు వేసి పక్కన పెట్టకండి.

మూడొందల మందిలో ముగ్గురు రాంప్ అడిగితే అది ఒక్క శాతం. ఆ ముగ్గురికీ అది నూటికి నూరు. గాజువాక వైపు బడిలో కొద్దిమంది పిల్లలు, మిగతా ఎవరూ రాయనిది ఒకటి రాశారు: ఇంట్లో చదువుకోవడానికి కుదరదు. వాళ్ల నాన్నలకి సి షిఫ్టు. రాత్రి పదింటికి వెళ్లి పొద్దున ఆరింటికి దిగుతారు, పగలు పడుకోవాలి. ఉన్నది ఒకటే గది. సెలవు రోజున పిల్లలు వీధిలో ఎందుకు తిరుగుతున్నారో, పైకి చదవమన్న పద్యాలు ఎందుకు నోటికి రావో దాంతో తేలింది. సాయంత్రం ఆరు దాకా ఒక గది తెరిచి ఉంచడం ప్లాన్లో చేరింది. వాచ్‌మన్‌తో మాట్లాడటం తప్ప దానికి ఖర్చేమీ కాలేదు.

7. జవాబు చెప్పకపోతే రెండోసారి అడగకండి.

ఇదే అన్నిటికన్నా ముఖ్యమని నా అభిప్రాయం. అడగడానికి ఒక పీరియడు చాలు. జవాబు చెప్పడానికి ఏడాది పడుతుంది. చీటీలు పుచ్చుకుని బీరువాలో పెట్టిన బడిలో మరుసటి ఏడాది పిల్లలు ఏం రాస్తారో చూడండి. "అంతా బాగుంది" అని రాస్తారు. అది చూసి బడి బాగుపడిందనుకునే హెచ్‌ఎంలు కూడా ఉన్నారు.

మేం రెండు వారాల్లోపు ప్రార్థన సమయంలో మూడు జాబితాలు చదివేవాళ్లం. అయిపోయినవి మొదటిది. ఫలానా తేదీకి ఫలానా వారు చేసేవి రెండోది. మన చేతిలో లేనివి, ఎందుకు లేవో, ఎవరి చేతిలో ఉన్నాయో మూడోది. పిల్లలు చెవులు రిక్కించి వినేది ఈ మూడోదే. కాదని చెప్పే పెద్దమనిషిని వాళ్లు నమ్ముతారు. చేద్దాం చూద్దాం అనేవాణ్ని నమ్మరు.

మధ్యాహ్న భోజనం చాలాకాలం మూడో జాబితాలోనే ఉంది. అన్నం ముద్దగా ఉంటోంది, బియ్యం లావు, కూర చప్పగా ఉంది అని ప్రతిసారీ రాసేవారు. మెనూ మార్చే అధికారం మాకు లేదు. అందుకని కంచాల్లో ఏ రోజు ఎంత మిగులుతోందో పిల్లల చేతే బకెట్లలో కొలిపించి, ఆ పట్టీ ఎంఈవో ఆఫీసుకి పంపేవాళ్లం. ఈ ఫిర్యాదు రాష్ట్రమంతా ఉండేది. 2025 మొదట్లో రాష్ట్రాన్ని నాలుగు జోన్లు చేసి ప్రాంతపు రుచుల ప్రకారం మెనూ మార్చారు. ఆ జూన్‌లో బళ్లు తెరిచేసరికి సన్నబియ్యం వచ్చింది. మా పట్టీల వల్లే వచ్చిందని చెప్పుకునే వెర్రి నాకు లేదు. కానీ మూడో జాబితా శాశ్వతం కాదని అప్పటి పిల్లలకి, ఇప్పుడు ఇంటర్లో ఉన్నవాళ్లకి, కబురు చేశాను.

8. బడి ప్రహరీ దాటిన సంగతుల్ని మనవి కాదని కొట్టెయ్యకండి.

విశాఖ పిల్లలు రాసేవి వేరే ఊరి పిల్లలు రాయరు. సోమవారం పొద్దున బల్ల మీద వేలితో పేరు రాస్తే కనబడుతుంది, అంత నల్లటి దుమ్ము. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో ప్రమాణాలు అందుకోలేని నగరాల జాబితాలో మన ఊరు ఉంది. దుమ్మును ఆపడం హెచ్‌ఎం వల్ల కాదు. పొడిగుడ్డతో దులపడం మానేసి తడిగుడ్డతో తుడిపించడం, గాలి వచ్చే వైపు కిటికీలకి మెష్ కొట్టించడం, ఉబ్బసం ఉన్న పిల్లల్ని ఆ కిటికీలకి దూరంగా కూర్చోబెట్టడం మాత్రం మన వల్ల అవుతాయి. ఉబ్బసం ఎవరికుందో కూడా చీటీల్లోనే తెలిసింది.

ఇంకో ప్రశ్న ఒక ఏడో తరగతి పిల్లది: "షిఫ్టు సైరనుకీ ప్రమాదం సైరనుకీ తేడా ఏటి సార్?" నాకు తెలియదు. స్టాఫ్‌లో ఎవరికీ తెలియదు. కొండకీ సముద్రానికీ మధ్య, ట్యాంకుల పక్కన ఇన్నేళ్లు పాఠాలు చెప్పినవాళ్లం! 1997 సెప్టెంబరు 14న మన ఊరి రిఫైనరీలో మంటలు రేగినప్పుడు ఆదివారం పొద్దున్న. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ లీకై పన్నెండు మంది పోయినప్పుడు లాక్‌డౌన్ రోజులు, తెల్లవారుజాము. రెండుసార్లూ బళ్లలో పిల్లలు లేరు. అది మన ప్లానింగు గొప్ప కాదు.

ఆ ప్రశ్న ప్లాన్లో ఒక పేజీ అయ్యింది. దగ్గర్లోని ఫ్యాక్టరీ సేఫ్టీ ఆఫీసరుని పిలిపించి రెండు సైరన్లూ వినిపించమన్నాం. డాబా మీద చారల గుడ్డ గొట్టం ఒకటి కట్టాం, ఎయిర్‌పోర్టులో ఉండేలాంటిది. గ్యాస్ వస్తే గాలి వాలున పరిగెత్తకూడదు, గాలికి అడ్డంగా పక్కకి తప్పుకోవాలి. అందుకు ముందు గాలి ఎటు వీస్తోందో తెలియాలి. స్టైరీన్ లాంటి ఆవిరి గాలి కన్నా బరువు, నేలబారున పాకుతుంది కాబట్టి పల్లంలో దాక్కోకూడదు. చక్రాల కుర్చీ పిల్లని ఎవరు తీసుకెళ్లాలో పేర్లతో రాసి పెట్టాం, వాళ్లు రాని రోజున ఎవరో కూడా.

9. దాతలకి పిల్లల జాబితా చూపించండి.

2013 కంపెనీల చట్టం వచ్చాక సీఎస్‌ఆర్ వాళ్లు మన ఊరి బళ్లకి బాగానే వస్తున్నారు. వాళ్లు వచ్చేటప్పటికే వాళ్ల దగ్గర ఒక జాబితా ఉంటుంది: బల్లలు, ఆర్‌వో ప్లాంటు, పేరు చెక్కిన బోర్డు. ఉన్న ఆర్‌వో పక్కనే ఇంకో ఆర్‌వో పెట్టిన బడి నాకు తెలుసు. పిల్లల బొట్ల పటం గోడకుంటే ఎదురు చెప్పే పని మనకి తప్పుతుంది, వాళ్లే చూసి అడుగుతారు.

10. దసరాకీ క్రిస్మస్‌కీ మధ్యన అడగండి.

ప్లాన్ ఆర్థిక సంవత్సరం ముగియడానికి మూడు నెలల ముందు తయారవ్వాలి. ఫిబ్రవరిలో అడిగితే పిల్లలు పరీక్షల గురించే రాస్తారు. జూన్‌లో అడిగితే కొత్త పుస్తకాల గురించి రాస్తారు. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ఒకే రోజు మెగా పేరెంట్స్ మీటింగు పెట్టారు. అలాంటి రోజు చేతిలో పిల్లల జాబితా ఉంటే తల్లిదండ్రులతో మాట్లాడటానికి మార్కులు కాకుండా ఇంకో సంగతి దొరుకుతుంది.

11. వెళ్లిపోయే పిల్లల్నీ అడగండి.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ బడిలో ఉన్న పిల్లల మాటలే. బడి వదిలేసినవాళ్లు వాటిలో ఉండరు, మన లోపం ఎక్కువ తెలిసింది వాళ్లకే. టీసీ పుస్తకంలో కారణం గడి ఉంటుంది. ఏ బడిలో ఏ ఏడాది తిరగేసినా అక్కడ ఒకే మాట: తల్లిదండ్రుల కోరిక మేరకు. ఆ గుమస్తా రాత వెనక నిజం ఏముందో ఎవరూ వాకబు చెయ్యరు.

టీసీకి వచ్చిన పిల్లల్ని బయట బెంచీ మీద కూర్చోబెట్టి, సంతకం అయ్యేలోపు ఒక మేడం ఒకే ప్రశ్న అడిగేది: ఏం ఉంటే ఇక్కడే ఉండేవాడివి? జవాబులు ఒక నోటుపుస్తకంలో పడ్డాయి. సైన్సు సారు బదిలీ అయ్యాక నెలల తరబడి ఎవరూ రాలేదు. పెదగంట్యాడ నుంచి బస్సు దిగితే మొదటి పీరియడు అయిపోతోంది, రోజూ బయట నిలబెడుతున్నారు. తమ్ముణ్ని చూసుకోవాలి, అమ్మ చేపల కంపెనీలో పనికెళ్తోంది. ఒకడైతే "ఏం లేదు మేడం, మా ఫ్రెండు ఆ స్కూల్లో చేరాడు" అన్నాడు. అదీ రాసుకున్నాం.

బయట నిలబెట్టే అలవాటు ఆ వారమే ఆగింది. బస్సు టైము మార్చమని డిపో మేనేజరుకి రాసిన ఉత్తరానికి నేనున్నన్నాళ్లూ బదులు రాలేదు. దాన్ని మూడో జాబితాలోనే ఉంచి చార్జి అప్పగించాను.